నాలుగో కనెక్టింగ్ రాడ్డు

మూడో రాడ్డు కూడా వంగిపోయింది.

తీతు దాన్ని గాజు పలక మీద పెట్టి ఒక కొసని వేలితో నొక్కాడు. రెండో కొస టక్కున పైకి లేచింది. అంగుళం పొడవున్న అల్యూమినియం ముక్క అది. పిస్టనునీ క్రాంకునీ కలిపేది అదే. వెంట్రుకవాసి వంగినా ఇంజను పనికిరాదు. ఇవాళ మంగళవారం. ఆదివారం పొద్దున్న పది గంటలకి హిజ్లీ కాలేజీ మైదానంలో పరీక్ష.

"ఆపేశారా? బతికించారు!" వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య సరోజమ్మ చెవుల మీంచి చేతులు తీసింది. "మీ ఇంజను పిట్ట కూస్తంటే నా పళ్ళు జివ్వుమంటన్నాయి. పక్కింటి దీదీ అయితే తలుపులు బిగించేసుకుంది."

"రాడ్డు పోయింది."

"మళ్ళీనా?"

"మళ్ళీనే! మూడోది!"

"అరుస్తారేటండీ? నాను ఇక్కడే ఉన్నాను కదా."

తీతు వంగిన రాడ్డుని గుడ్డతో తుడిచాడు. ఇరవై ఒక్క ఏళ్ళుగా అతను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ షాపు మనిషి. బయట ఒకడు గాలి సుత్తితో రివెట్ కొడుతుంటే, బాయిలర్ కడుపులో గొంతుక్కూచుని ఆ రివెట్ వెనక్కి రాకుండా ఇనపదిమ్మ అదిమిపట్టడం అతని పని. ఆ షాపులో మెల్లగా మాట్లాడే మనిషే లేడు. టూల్ రూముకి మార్చమని నాలుగుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. నాలుగుసార్లూ ఖాళీ లేదన్నారు.

బాయిలర్ బయట తీతు బతుకు వేరు. విల్‌ఫ్రెడ్ అనే మెయిల్ బండి డ్రైవరు రిటైరై వెళ్ళిపోతూ అమ్మిన బొమ్మ విమానం ఇంజనొకటి అతని దగ్గరుంది. రెండున్నర సీసీ డీజిల్. పిడికిట్లో పట్టేస్తుంది. దానికి ప్లగ్గు ఉండదు. ఈథరు, కిరసనాయిలు, ఆముదం కలిపి పోస్తే, పిస్టను నొక్కిన నొక్కుడికే మండుతుంది. ఎంత నొక్కాలో తేల్చేది నెత్తి మీదున్న చిన్న మర. దాన్ని బిగిస్తూ పోతే ఒకచోట ఇంజను గొంతు తేటపడుతుంది. అక్కడ ఆపాలి. దాటితే లోపల దెబ్బ మొదలవుతుంది.

కొన్ననాడు అది నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరిగేది. తీతు ఆరు నెలలు దాంతో కుస్తీ పట్టాడు. పిస్టనుని లోపలివైపు గీకి బరువు తగ్గించాడు. పొగ బయటికి పోయే కిటికీలని సన్న ఆకురాయితో కొంచెం పైకి పెంచి, అద్దంలా మెరుగుపెట్టాడు. క్రాంకు షాఫ్టులో గాలి దూరే బెజ్జాన్ని పెద్దది చేశాడు. జనవరిలో హిజ్లీ కాలేజీకి పట్టుకెళ్తే అక్కడి మీటరు పదమూడున్నర వేలు చూపించింది.

ఆ మీటరు చూసినాయన ప్రొఫెసర్ సేన్‌గుప్తా. ఇంజన్ల ల్యాబు ఆయనదే. కుర్రాళ్ళ బొమ్మ విమానాల క్లబ్బూ ఆయనదే. ల్యాబులో మెకానిక్కు పోస్టు ఒకటి ఖాళీగా ఉంది.

"ఇంకొంచెం లాగు, తీతు బాబూ," అన్నాడాయన. "యాభై మూడు అడుగుల తీగ చివర విమానం నీ చుట్టూ పది చుట్లు తిరగాలి, ఇరవై ఎనిమిది సెకన్ల లోపు. విమానం వదలడానికి ఒక మనిషిని తెచ్చుకో. ఆ పూట ఇంజను మీద మాత్రం నీ చెయ్యి తప్ప ఇంకోటి పడకూడదు. దిగాక నా ఎదురుగా విప్పాలి. లోపల ఒక్క ముక్క వంగినా లెక్కలోకి రాదు. గెలిచి చచ్చే ఇంజను నాకొద్దు."

గెలిస్తే మొదటి తారీకు నించి హిజ్లీలో ఉద్యోగం. లేకపోతే ఇంకో పదహారేళ్ళు బాయిలర్ కడుపులో.

అప్పటినించీ రాడ్లు వంగుతున్నాయి. మూడింటినీ చేసిచ్చినవాడు టూల్ రూము టర్నరు జగ్గారావు. చిన్నప్పుడు ఒకే బడి, ఒకే బెంచీ. లంచ్ గంటలో లేతు మీద తీతు కోసం రాడ్డు చెయ్యడం అతనికి సరదా. తీతు వంగిన రాడ్డుని జేబులో వేసుకున్నాడు. తన చెయ్యి తప్పలేదు. ఇంజను తప్పలేదు. ఇక మిగిలింది రాడ్డు లోహమే.

పైగా తోటి పనివాడు తవిటయ్య నిన్న టీ దగ్గర ఒక మాటన్నాడు. జగ్గారావు పోయిన వారం హిజ్లీ కాలేజీ గేట్లోంచి సైకిల్ మీద వస్తూ కనపడ్డాడట. జగ్గారావు బామ్మర్ది ఐటీఐ పాసై ఇంట్లో ఖాళీగా కూచున్నాడు. ఆ రెండు ముక్కలూ కలిపి చూసుకుంటే తీతుకి ఒళ్ళు మండింది.

మర్నాడు లంచ్ గంట కొట్టగానే టూల్ రూములోకి నడిచాడు. జగ్గారావు లేతు పక్కన టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు.

"రారా తీతూ, సేపలపులుసు. ముద్ద తింటావేటి?"

తీతు మూడు రాడ్లనీ డబ్బా మూత మీద పడేశాడు. "ఏటిది?"

"రాడ్లు."

"రాడ్లా, మైనం ముక్కలా? ఏ చెత్తకుండీలోంచి తెచ్చినావు?"

జగ్గారావు ఒక రాడ్డు తీసి వెలుతురుకి పట్టి చూశాడు. "లోహం మంచిదేరా. ఇది దెబ్బకి వంగింది. నువ్వు మర ఎక్కువ బిగించేస్తన్నావు."

"నాకు నేర్పుతావా? పదేళ్ళనించి ఈ చెవితో ఇంజన్లు సరిచేస్తన్నాను."

"ఆ సెవి సంగతే..."

"నీ బామ్మర్దికి పోస్టు కావాలంటే నా మొహం మీద చెప్పు. నా ఇంజను చంపెయ్యడం దేనికి?"

జగ్గారావు మెల్లగా లేచాడు.

"ఏటన్నావు?"

"హిజ్లీ గేటు దగ్గర నిన్ను చూసినోళ్ళున్నారు."

"ఉంటారు. దొంగతనంగా ఎల్లినానేటి? పట్టపగలే ఎల్లినాను." జగ్గారావు మూడు రాడ్లనీ తీసి తీతు చొక్కా జేబులో వేశాడు. "ఇంక నా లేతు కాడికి రాకు. నీ రాడ్లు నువ్వే సేసుకో."

గుమ్మం దాటుతుంటే జగ్గారావు వెనకనించి ఇంకేదో అన్నాడు. తీతుకి ఆ మాట అందలేదు. తిట్టి ఉంటాడనుకున్నాడు.

ఇక దారి ఒకటే. కలకత్తాలో ఆ ఇంజనుకి రెడీమేడ్ రాడ్లు అమ్మే బొమ్మల దుకాణం ఉంది. గీకి తేలిక చేసిన పిస్టనుకి అది సరిగ్గా కూచోదు. అయినా లేనిదానికంటే నయం. గురువారం సెలవు పెట్టి పొద్దున్నే స్టేషనుకి వెళ్ళాడు. హౌరా లోకల్ ప్లాట్‌ఫారం మీదే ఉంది. టికెట్ జేబులో పెట్టుకుని, చివరి డబ్బా పక్కన నిలబడి టీ తాగుతున్నాడు.

గార్డు బ్రేకు డబ్బా గుమ్మంలోకి వచ్చాడు. తీతుకి పది అడుగుల దూరం. చేతిలో పచ్చజెండా. రెండో చేత్తో విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. మెడ నరాలు తేలాయి.

చప్పుడు లేదు.

పాపం, విజిల్లో గింజ ఇరుక్కుందనుకున్నాడు తీతు. గార్డు గాలి పీల్చుకుని మళ్ళీ ఊదాడు. పక్కన తల్లి చంకలో ఉన్న పసిపిల్ల ఉలిక్కిపడి మొహం చిట్లించి ఏడుపు అందుకుంది. జనం టీ గ్లాసులు వదిలేసి డబ్బాల వైపు పరిగెత్తారు.

తీతు టీ అమ్మేవాడి వైపు తిరిగాడు. "దాదా, గార్డు విజిల్ పాడయిందా?"

వాడు వింతగా చూశాడు. "పాగోల్ నాకి? కాన్ ఫాటియే దిలో!" అంటూ చిటికెనవేలు చెవిలో పెట్టి ఆడించాడు. పిచ్చా నీకు, చెవులు పగలగొట్టాడు కదా అని.

ముందున్న ఇంజను కూసింది. ఆ బొంగురు కూత తీతుకి బాగానే వినపడింది. బండి కదిలింది. గార్డు డబ్బా అతని ముందునించే వెళ్ళింది. విజిల్ ఇంకా ఆ మనిషి నోట్లోనే ఉంది. బుగ్గలు మళ్ళీ ఉబ్బాయి.

బండి వెళ్ళిపోయింది. తీతు ఎక్కలేదు.

ఝపటాపూర్లో ఇంటిదాకా నడుచుకుంటూ వచ్చాడు. దారిలో సైకిల్ రిక్షావాడు ఒకడు పక్కనుంచి దూసుకుపోతూ తిట్టాడు. బెల్లు కొట్టే ఉంటాడు. ఇంట్లోకి రాగానే అలారం గడియారం తీసి చెవికి ఆనించుకున్నాడు. సెకన్ల ముల్లు తిరుగుతోంది. టిక్కుటిక్కు లేదు. చెవి మార్చాడు. అదే నిశ్శబ్దం.

సరోజమ్మ బియ్యం చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "కలకత్తా ఎల్లలేదా? ఏటయింది?"

"మంగళవారం ఇంజను కూతకి పళ్ళు జివ్వుమన్నాయన్నావు. ఎప్పుడు?"

"ఎప్పుడేటి?"

"మొదటినించా? ఆఖర్నా?"

ఆమె ఆలోచించింది. "ముందు బాగానే ఉంటాదండీ. తుమ్మెదలాగ. తర్వాత సన్నగా పైకి లేస్తాది, అదీ బాగానే ఉంటాది. మీరు ఆ నెత్తి మీద మర మళ్ళీ తిప్పుతారు చూడండి, అప్పుడు పలక మీద మేకు గీకినట్టు, లోపల గులకరాళ్ళు ఏసి ఊపినట్టు. మూడుసార్లూ అంతే. మీరు ఇంకా తిప్పతారేటని అనుకున్నాను."

"మరి చెప్పలేదే?"

"గొంతు చించుకుని చెప్పినాను! మీరు ఇటు తిరిగితే కదా."

తీతు గుమ్మంలో కూలబడ్డాడు. లెక్క తేలిపోయింది. ఇంజను వేగం పెరిగేకొద్దీ దాని గొంతు సన్నబడుతుంది. ఆ సన్న చప్పుళ్ళనే బాయిలరు ఒక్కొక్కటిగా తినేసింది. అంటే తను ఇంజనుని బాగుచేసినకొద్దీ అది తన చెవికి దూరమైపోయింది. తేటపడే గొంతు కోసం ఎదురుచూస్తూ, అది వచ్చేసిందని తెలియక మరని ఇంకా ఇంకా బిగించాడు. రాడ్లు వంచింది జగ్గారావు లోహం కాదు, తన చెయ్యే.

ఇంకో సంగతి కూడా తట్టింది. బాయిలర్లో గడిచే ప్రతి రోజూ మిగిలినదాంట్లోంచి కొంత కోసుకుపోతోంది. హిజ్లీ ఉద్యోగం ఇప్పుడు సరదా కాదు.

సాయంత్రం జగ్గారావు క్వార్టరుకి వెళ్ళాడు. జగ్గారావు వరండాలో సైకిల్ బోర్లించి చక్రం సరిచేస్తున్నాడు. తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు.

"తప్పు నాదేరా," అన్నాడు తీతు. "నాకు గార్డు విజిల్ వినపడలేదు."

జగ్గారావు చక్రం తిప్పడం ఆపాడు. ఏదో అన్నాడు. తీతు అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. జగ్గారావు లేచి దగ్గరికొచ్చి గట్టిగా చెప్పాడు.

"నిన్న గుమ్మం కాడ నీ ఎనకాతల అన్నది ఇదేరా. నీకు సెవుడొచ్చింది, ముందు డాటర్ని సూడు అన్నాను. ఇనకుండా ఎల్లిపోయినావు."

"తిట్టినావనుకున్నాను."

"అది తర్వాత తిట్టినాను."

తీతుకి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. జగ్గారావు అదేమీ పట్టించుకోకుండా లోపలికి వెళ్ళి, కాగితంలో చుట్టిన లోహపు ముక్క తెచ్చాడు.

"హిజ్లీ ఎందుకెల్లినానో సెప్పనా? మన షాపు అల్యూమినియం ఆగడం నేదని, ప్రొఫెసరు దగ్గర ఇమానాలకి వాడే ముక్క అడిగి తెచ్చినాను. గట్టిది. నీ మూడో రాడ్డు దీన్లోదే. ఇంక ఒక్క రాడ్డుకే వొస్తాది. నా బామ్మర్దంటావా, ఆడికి టాటానగర్లో పని దొరికి పది రోజులైంది."

"జగ్గా..."

"ఊరుకో. రాడ్డు రేపు లంచ్‌లో ఇస్తాను. మర ఎక్కడ ఆపాలో నీకెలా తెలుస్తాది, అది సెప్పు. నాను ఇని సెయ్యి ఊపనా?"

"నా చెయ్యి తప్ప ఇంకోటి పడకూడదన్నారు. నీ చెయ్యి ఊపు చూసి తిప్పితే అది నీ చెయ్యే కదా."

జగ్గారావు గడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి సైకిల్ చక్రంలోంచి ఒక పుల్ల విప్పి లాగాడు. అడుగు పొడవు స్టీలు పుల్ల.

"మా అయ్య లోకో షెడ్డులో బేరింగులు ఎలాగ సూసీవోడో తెలుసా? పక్కన పది ఇంజన్లు ఆవిరి ఒదుల్తంటే సెవి ఏటి పనిసేస్తాది? ఇనప సువ్వ ఒక కొస బేరింగుకి ఆనించి, రెండో కొస పళ్ళతో కరిసీవోడు. బేరింగులో ఇసకరేణువున్నా పంటికి తగిలీదంట."

శనివారం మధ్యాహ్నం తీతు పెరట్లో కొత్త రాడ్డుతో ఇంజను బిగించారు. తీతు పుల్ల కొసని ఇంజను కూచున్న కర్ర మీద, ఇంజను కాలి దగ్గర ఆనించాడు. రెండో కొస పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. జగ్గారావు ముందున్న ప్రొపెల్లరు రెక్క తిప్పాడు. సరోజమ్మ చెవులు మూసుకోకుండా ధైర్యంగా నిలబడింది.

మొదట దవడంతా గరగర. తీతు మర తిప్పాడు. గరగర సన్నబడి, నునుపైపోయి, పళ్ళ మీద నూనె రాసినట్టయింది. ఇంకొక్క వెంట్రుకవాసి తిప్పాడు. పంటికి గులకరాయి తగిలింది. అదే క్షణంలో సరోజమ్మ చెయ్యి గాల్లోకి లేచింది. తీతు వెంటనే వెనక్కి తిప్పాడు. గులకరాయి పోయింది. ఆమె చెయ్యి దించింది.

అలా ఇరవైసార్లు చేశారు. ఆఖరి పదిసార్లు ఆమె చెయ్యి లేవకముందే అతని చెయ్యి వెనక్కి తిరిగింది.

ఆదివారం హిజ్లీ మైదానంలో నలభైమంది కుర్రాళ్ళు సైకిళ్ళు గడ్డిలో పడేసి గుండ్రంగా నిలబడ్డారు. ప్రొఫెసర్ సేన్‌గుప్తా మెడలో స్టాప్‌వాచీ. జగ్గారావు ఇంజను బిగించిన విమానాన్ని తోక దగ్గర పట్టుకుని గడ్డిలో మోకాళ్ళ మీద కూచున్నాడు. తీతు రెక్కని వేలితో కొట్టాడు. నాలుగో దెబ్బకి ఇంజను అందుకుంది.

పుల్ల పళ్ళ మధ్య పెట్టుకోగానే కుర్రాళ్ళలో నవ్వు. వాళ్ళ పళ్ళు కనపడ్డాయి గానీ నవ్వు వినపడలేదు. మర తిప్పాడు. గరగర. ఇంకొంచెం. నునుపు. అక్కడ ఆపాడు.

చెవికి మాత్రం ఇంజను మూలుగుతున్నట్టే ఉంది. సత్తువ లేని గొంతు. పదేళ్ళ అలవాటు వేళ్ళని లాగింది, ఇంకో పావు చుట్టు, ఒక్క పావు చుట్టు అని. ఎదురుగా ఒక కుర్రాడు ఇంకా బిగించమన్నట్టు వేళ్ళు తిప్పి చూపిస్తున్నాడు. తీతు అటు చూడ్డం మానేశాడు. గాల్లోకి లేచాక ఇంజను ఇంకా వేడెక్కుతుంది, అప్పుడు నొక్కుడు దానంతటదే పెరుగుతుంది. మరని బిగించలేదు సరికదా, ఒక వెంట్రుకవాసి వెనక్కి తిప్పి పుల్ల తీసేశాడు.

మైదానం మధ్యకి నడిచి తీగల పిడి అందుకుని తలూపాడు. జగ్గారావు వదిలాడు.

రెండు చుట్లలో విమానం భుజాల ఎత్తుకి వచ్చింది. తీగలు బిగుసుకున్నాయి. మూడో చుట్టులో ఇంజను వేడెక్కింది. ఆ సంగతి చెవికి కాదు, అరచేతికి తెలిసింది. యాభై మూడు అడుగుల తీగల గుండా సన్నటి వణుకు పిడిలోకి దిగింది. నునుపుగా ఉంది. పళ్ళకి తెలిసిన నునుపే. తీతు ఎడంచెయ్యి పైకెత్తాడు. ప్రొఫెసరు వాచీ నొక్కాడు.

తీతు విమానంతోపాటు తిరుగుతున్నాడు. చెట్లు, సైకిళ్ళు, జగ్గారావు, మళ్ళీ చెట్లు. ఎనిమిదో చుట్టులో పిడి ఒక్కసారి గరుకుగా తగిలింది. గాలి విసురు. పోయింది. పదో చుట్టు దాటాక ప్రొఫెసరు చెయ్యి కిందికి పడింది.

ఇరవై ఏడున్నర సెకన్లు.

చెట్టు కింద బల్ల మీద తీతు ఇంజను విప్పాడు. పిస్టను మీద గీత లేదు. రాడ్డు తుడిచి గాజు పలక మీద పెట్టాడు. ప్రొఫెసరు ఒక కొస నొక్కాడు. రెండో కొస లేవలేదు. ఇంకో కొస నొక్కాడు. లేవలేదు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. తీతు తలొంచుకుని మరలన్నీ సీసా మూతలో పోస్తున్నాడు.

తల ఎత్తేసరికి అందరూ అతన్నే చూస్తున్నారు. ప్రొఫెసరు ఎప్పుడు అటు వెళ్ళాడో, అతని వెనక నిలబడి ఉన్నాడు. జగ్గారావు గబగబా అడ్డొచ్చాడు.

"ఎప్పుడు సేరతావని అడుగుతన్నారురా," అని ప్రొఫెసరు వైపు తిరిగాడు. "సంతోషం పట్టలేక ఉలుకూ పలుకూ నేకుండా ఉండిపోయినాడు సార్."

ప్రొఫెసరు నవ్వలేదు. బల్ల చుట్టూ తిరిగి తీతు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "రెండుసార్లు అడిగాను. బాయిలర్ షాపులో ఎన్నేళ్ళు?"

అబద్ధం చెప్పొచ్చు. జగ్గారావు కళ్ళు అదే బతిమాలుతున్నాయి. కానీ ల్యాబులో చేరాక వెనకనించి ఎవరో ఒకరు రోజూ పిలుస్తారు.

"ఇరవై ఒకటి సార్. సన్న చప్పుళ్ళు వినపడవు. అది నాకే గురువారం తెలిసింది."

"మరి మర ఎక్కడ ఆపాలో?"

తీతు జేబులోంచి సైకిల్ పుల్ల తీశాడు. ప్రొఫెసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మళ్ళీ బిగించు," అన్నాడు.

ఇంజను మళ్ళీ మోగింది. ఈసారి పుల్ల ప్రొఫెసరు పళ్ళ మధ్య ఉంది. తీతు మర తిప్పాడు. గరగర, నునుపు, ఆ తర్వాత కావాలనే ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ. ప్రొఫెసరు ఉలిక్కిపడి పుల్ల వదిలేసి దవడ పట్టుకున్నాడు. తీతు అప్పటికే మర వెనక్కి తిప్పేశాడు.

ఇంజను ఆగాక ప్రొఫెసరు కాసేపు దవడ రుద్దుకున్నాడు. తర్వాత తీతు మొహంలోకి చూస్తూ ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"నా ల్యాబులో నాలుగు ఇంజన్లు ఒకేసారి నడుస్తాయి. అక్కడ ఎవరికీ ఏమీ వినపడదు. మంచి చెవులున్న కుర్రాళ్ళు వంచిన రాడ్లు నా దగ్గర పెట్టెడున్నాయి. మొదటి తారీకున రా. డాక్టరు కాగితం కావాలి, అందులో చెవుల సంగతి రాయకుండా కుదరదు. నేను నా కాగితంలో పళ్ళ సంగతి కూడా రాస్తాను."

తిరుగుదారిలో ఇద్దరూ సైకిళ్ళు తొక్కుకుంటూ వచ్చారు. జగ్గారావు వెనకనించి ఏదో అన్నాడు. తీతు ఆగి వెనక్కి తిరిగాడు. "ఏటన్నావు?"

జగ్గారావు ముందుకొచ్చి ఆగాడు. "నా సైకిల్ సక్రం ఊగిపోతోంది, పుల్ల ఎప్పుడిస్తావన్నాను."

"ఇవ్వను. కొత్తది కొనిస్తాను."

"సేపలపులుసు కూడా. మొన్న నీ వల్ల తిన్నేదు."

మొదటి తారీకుకి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. సోమవారం పొద్దున్న సరోజమ్మ కొవ్వొత్తి మైనం కరిగించి, దూది ఉండలు ముంచి, అతని రెండు చెవుల్లోనూ గట్టిగా కూరింది. ఏదో చెప్పింది. తీతుకి వినపడలేదు. ఆమె అతని గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని మళ్ళీ చెప్పింది.

"సాయంత్రం దాకా తియ్యకండి."

తీతు తలూపి, టిఫిన్ డబ్బా తీసుకుని బాయిలర్ షాపుకి బయల్దేరాడు.